ఉప్పుకొండ వాళ్ళ మాటలు

డబ్బా పోయింది ఒక గురువారం, సాయంత్రం అయిదుంబావుకి. బస్సు దిగేటప్పుడు నా చేతిలో ఆరో తరగతి పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఒళ్ళో ఉండాల్సిన బిస్కెట్ల డబ్బా పక్క సీటు మీద ఉండిపోయింది. బస్సు మలుపు తిరిగాక గాని ఆ సంగతి తెలియలేదు. ముప్ఫై నలుగురు పిల్లలు రాసిన తప్పుల్ని భద్రంగా ఇంటికి తెచ్చుకుని, మా తమ్ముడు రాసిన మాటల్ని బస్సులో వదిలేశాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి డిపోకి వెళ్ళాను. పోయిన వస్తువుల గదిలో గుమస్తా లావుపాటి పుస్తకం తెరిచాడు.

"గుర్తులు చెప్పండమ్మా."

"బిస్కెట్ల డబ్బా. పాతది. మూత మీద పడవ బొమ్మ ఉంటుంది."

"లోపల ఏమున్నాయి? బిస్కెట్లేనా?"

"మాటలు."

అతను తలెత్తాడు.

"చీటీలండీ. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట. మొత్తం మూడువందల నలభై."

"ఏ భాష?"

"అది ఇంకా పూర్తికాలేదు."

అతను కాసేపు ఆలోచించి, పుస్తకంలో "కాగితాలు" అని రాసుకున్నాడు. లోపలికి వెళ్ళి వెతికి వచ్చాడు. డబ్బా లేదు. "గొడుగులైతే పద్నాలుగున్నాయమ్మా, చూస్తారా?" అని అడిగాడు. మంచి మనిషి. ఉత్త చేతులతో పంపడానికి అతనికి మనసొప్పలేదు.

మా తమ్ముడు పళ్ళసెట్లు చేసేవాడు. పళ్ళ డాక్టరు అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి సున్నంలాంటి తెల్లటి పొడితో దవడ పోతపోసి, దాని మీద సెట్టు కూర్చేవాడు. డబ్బా పోవడానికి తొమ్మిది వారాల ముందు, పనిబల్ల దగ్గరే కూర్చున్నవాడు లేవలేదు. అంతకన్నా ఆ రోజు గురించి నేను చెప్పగలిగింది లేదు.

వాడికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి నాటకాలు. మా వీధి చివర లాండ్రీ నడిపే బాబాయి ఒక నాటకం రాశాడు. ఉప్పుకొండ మీద బతికే జనం దగ్గరికి కిందినుంచి ఒకడు దారితప్పి వస్తాడు. వాళ్ళ మాట అతనికి రాదు, చూసేవాళ్ళకీ రాదు. నాటకం అయ్యేసరికి ఇద్దరికీ వచ్చెయ్యాలి. ఎవరూ చెప్పకుండానే రావాలి. "ఏదో ఒకటి గొణుగుదాంలే, ఎవడికి తెలుస్తుంది" అన్నాడట బాబాయి. మా తమ్ముడు ఒప్పుకోలేదు. పళ్ళసెట్టు ఏదో ఒకటి పెడితే నోరు ఊరుకుంటుందా, భాషా అంతే అన్నాడు. రెండేళ్ళు కూర్చుని ఆ కొండవాళ్ళకి మాటలు చేశాడు. నాటకం బృందం దానికి దవడ భాష అని పేరు పెట్టింది.

వాడి గదిలో బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. నాలుగు నియమాలు, వాడి చేతిరాత.

ఒకటి: స, శ, ష వద్దు. రెండు: వత్తులు వద్దు. మూడు: ముట్టుకోగలిగిన దాని పేరు నోరు తెరిచి ముగియాలి, ముట్టుకోలేని దాని పేరు పెదవులు గుండ్రంగా చుట్టి ముగియాలి. వెనక వరసకి వినపడకపోయినా కనపడాలి. నాలుగు: మాటకి ఒక్కటే దీర్ఘం. రెండుంటే అది మాట కాదు, పాట.

మొదటి రెండు నియమాలకీ మనుషులున్నారు. పోస్టుమాన్‌కి ముందు పళ్ళ మధ్య వేలు పట్టేంత సందు. స అంటే చాలు, ఈల వస్తుంది. అందుకే అందరూ అతన్ని ఈల అంటారు, అతనూ పలుకుతాడు. నాటకంలో అతనిది కొండపెద్ద వేషం. అక్క వేషం కట్టే టైలరు పిన్నికి మా తమ్ముడే చేసిన పైసెట్టు ఉంది. వత్తు పలికితే అది కిందికి దిగుతుంది. ఇద్దరి దవడల పోతలూ గదిలో అలమర మీద, మిగతావాళ్ళ దవడల పక్కన, చీటీలు కట్టించుకుని వరసగా ఉన్నాయి. ఉప్పుకొండ వాళ్ళ భాష ఆ వరసకి సరిపోయేలా పుట్టింది. నీళ్ళు బెలీమ. ఇల్లు దొగీల. ఆకలి పినాగొ, నిద్ర లెమూదొ. ముట్టుకోలేం కదా.

వాడు పోయాక మా మరదలు ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ దస్తూరీ బాగుంటుంది వదినా. ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి" అంది. రోజుకి యాభై రాస్తే వారంలో అయిపోయే పని. నేను రోజుకి రెండు చీటీలు తీసేదాన్ని, చూసేదాన్ని, మళ్ళీ లోపల పెట్టేదాన్ని. పుస్తకంలోకి ఎక్కించేస్తే ఆ పని అయిపోతుంది. అవనివ్వడం నాకిష్టం లేకపోయింది. డబ్బా పోయిన గురువారం నాటికి పుస్తకంలో ఉన్నవి ఆరు మాటలు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాటకానికి ఆరు వారాలుంది. ఆ భాష వేదిక ఎక్కకపోతే మా తమ్ముడు రెండేళ్ళు చేసింది ఏమీ మిగలదు, ఆ మిగలకపోవడం నా చేతుల మీదుగా జరిగినట్టవుతుంది. పిల్లలు పుస్తకం మరిచిపోయి వస్తే ముప్ఫై ఏళ్ళుగా నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "నిన్ను నువ్వు మరిచిపోకుండా ఎలా వచ్చావు?" ఆ వారమంతా ఎవరినీ అది అడగలేదు.

రెండు ఆదివారాలు గడిచిపోయాయి. మొదటి రంగం అందరికీ నోటికి వచ్చు, పుస్తకం అక్కర్లేదు. మూడో ఆదివారం రెండో రంగం మొదలుపెట్టాలి, మాటలు చదివి వినిపించాల్సింది నేను. బాబాయి రాసిన ప్రతిలో కొండవాళ్ళు మాట్లాడే చోటల్లా మన మాట కింద గీత గీసి ఉంది. మా తమ్ముడు పోకముందు ఆ రంగం నాలుగైదుసార్లు చదివించాడట. అంటే మాటలు వాళ్ళ బుర్రల్లో ఎక్కడో ఉండాలి. వాటిని బయటికి లాగడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే.

లాండ్రీ పై గదిలో రిహార్సలు. కిందినుంచి ఇస్త్రీ ఆవిరి మెట్లెక్కి వచ్చి కిటికీ అద్దాలకి పడుతుంది. నేను తలా ఒక కాగితం పంచాను.

"నలభై మాటలు చెబుతాను. ఉప్పుకొండ వాళ్ళు వాటిని ఏమంటారో రాయండి."

"పరీక్షా?" అన్నాడు ఈల. "టీచరమ్మా, నేను బడి మానేసిందే దీనికోసం."

"పరీక్ష కాదు. ఊరికే, ఎంత గుర్తుందో చూద్దామని."

"ఊరికే అయితే ఎర్ర పెన్ను ఎందుకమ్మా చేతిలో?" అంది టైలరు పిన్ని.

పెన్ను సంచిలో పెట్టేసి మొదలుపెట్టాను. తాళం. నిచ్చెన. దీపం. భయం. పదో మాటకి వచ్చేసరికి గదిలో నాకు బాగా తెలిసిన నిశ్శబ్దం వచ్చింది. అది రాసేవాళ్ళ నిశ్శబ్దం కాదు, పక్కకి చూసేవాళ్ళది. బాబాయి తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

"ఎవరి కాగితంలోకి వాళ్ళు చూసుకోవాలి," అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముగ్గురూ ఒకేసారి కాగితాల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"పిన్నీ, కాస్త మోచెయ్యి జరుపు," అని గుసగుసలాడాడు ఈల.

"నువ్వు ఇంటింటి ఉత్తరాలూ చదివే రకమని అనుమానంగానే ఉండేది నాకు. ఇవాళ రుజువైంది."

"చదవడానికి అక్కడేముంది? నువ్వూ ఖాళీయేగా!"

మా మరదలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నాటకంలో ఆమె పని తెరపక్కన నిలబడి మరిచిపోయిన మాట అందించడం. ఆ రోజు ఎవరికీ ఏమీ అందించలేదు. నన్నే చూస్తోంది.

కాగితాలు తీసుకుని అక్కడే దిద్దడం మొదలుపెట్టాను. ఎర్ర పెన్ను మళ్ళీ బయటికి వచ్చింది. మొదటి కాగితం ఈలది. తాళం: సొరీక.

"ఇది పైకి చదవండి," అన్నాను.

అతను చదివాడు. గది నిండా ఈల. కింద లాండ్రీలో బట్టల కోసం వచ్చినవాళ్ళెవరో "ఎవరయ్యా అది?" అని కేకేశారు.

టైలరు పిన్ని కాగితంలో దీపం: త్రొబాణ. ఆమెని చదవమనలేదు. ఆమె తనకు తానే ప్రయత్నించి, అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి నిచ్చెనకి డూమీల అని రాశాడు, రెండు దీర్ఘాలతో. నలభైలో ముప్ఫై మూడు అలాంటివే. ఇవి మా తమ్ముడి మాటలు కావు. వాళ్ళ నోళ్ళు పలకలేని మాటలు వాడు వాళ్ళకి ఇవ్వడు.

"ఇవి ఎక్కడివి?" అని అడిగాను.

 ఈల, పిన్ని ఇద్దరూ బాబాయి వైపు చూశారు.

"చూడమ్మా టీచరమ్మా. పన్నెండు వారాలుగా నీ ముఖంలో నవ్వు లేదు. ఇవాళ తొలిసారి మా మీద కేకలెయ్యడానికి సిద్ధమయ్యావు. అలాంటిదానివి కాగితం ఇచ్చి రాయమంటే, ఖాళీ కాగితం ఎలా చేతికిస్తాం?"

"అందుకని కల్పించారా?"

"ఉన్నవి గుర్తుంటే కల్పించేవాళ్ళమా?" అంది పిన్ని. "అయినా ఇప్పుడు ఇబ్బందేముంది? డబ్బా ఉందిగా. చీటీలు తీసి చదివెయ్, పట్టుకుంటాం."

నేను పెన్ను మూత పెట్టాను. 

"డబ్బా లేదు," అన్నాను. "బస్సులో పోగొట్టాను. మూడు వారాలైంది. డిపోలో వెతికించాను. లేదు."

చెప్పడానికి ముందు, వాళ్ళు ఎలా చూస్తారా అని భయపడ్డాను. చెప్పాక మా మరదలి వైపు తప్ప ఎవరి వైపూ చూడలేకపోయాను.

"తెలుసు వదినా," అంది మరదలు.

"ఎలా?"

"డబ్బా అడిగిన ప్రతిసారీ మీరు పరీక్ష పేపర్లు చూపిస్తున్నారు. ఆరో తరగతిలో ఎవరికెన్ని మార్కులొచ్చాయో నాకిప్పుడు కంఠతా వచ్చు."

ఈల ముందు నవ్వాడు. తర్వాత పిన్ని. నేను నవ్వలేదు గాని, వాళ్ళు నవ్వడం నాకు కష్టంగా అనిపించలేదు.

"మూడువందల నలభై మాటలు," అన్నాను. "రెండేళ్ళు ఒంటరిగా కూర్చుని చేశాడు."

"ఒంటరిగానా?" బాబాయి మరదలి వైపు చూశాడు. "ఈవిడకి చెప్పలేదా?"

"తెలుసనుకున్నాను," అంది మరదలు.

నాకు తెలియదు. ఆదివారాలు నేను పేపర్లు దిద్దుకునేదాన్ని, వాడుండగా రిహార్సళ్ళకి ఎప్పుడూ రాలేదు. మా తమ్ముడు రాత్రిళ్ళు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో మాటా చెక్కుకునేవాడని నాకు నేనే ఊహించుకున్నాను. వాళ్ళు చెప్పింది వేరు. ఆదివారం ఈ గదికి వాడు దవడల సంచి మోసుకొచ్చేవాడట. ఎవరి దవడ వాళ్ళ ముందు పెట్టేవాడు. ఒక అర్థం చెప్పేవాడు: "ఉప్పు. ఆలోచించొద్దు. నోటికి ఏది వస్తే అది అనండి." వాళ్ళు అనేవాళ్ళు. వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. నచ్చినదాన్ని పట్టుకుని, దవడ మీద వేలితో చూపించి, ఇక్కడ నాలుక తట్టుకుంటోంది, ఈ అక్షరం తీసేద్దాం, ఇక్కడ కాస్త సాగదీద్దాం అని కత్తిరించేవాడు. సరిపడ్డాక చీటీ రాసేవాడు.

"ఉప్పుకి గెనూబ అన్నది నేనే," అన్నాడు ఈల గర్వంగా. "నేను అన్నది గెస్నూబడ. మిగతాది ఆయన అరగదీశాడు."

"సెట్టు మీ నోటిదే, అరగదియ్యడం నాది, అనేవారు," అంది మరదలు.

 పోయిన చీటీల్లో మా తమ్ముడివి ఎన్ని, ఈలవి ఎన్ని అని లెక్కపెట్టబోయి మానేశాను. నాకు తెలియని ఆదివారాలు వాడికి రెండేళ్ళ నిండా ఉన్నాయి. వాటిలో వాడు బాగా నవ్వి ఉంటాడు.

"మరి మీరే అన్న మాటలు మీకే ఎలా గుర్తులేవు?" అని అడిగాను.

"నేనన్నవి నాకెప్పుడు గుర్తున్నాయమ్మా," అన్నాడు బాబాయి. "అవన్నీ మా ఆవిడ గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళ కిందటివి కూడా తేదీలతో చెబుతుంది."

మరదలు లేచి బీరువా తలుపు కాగితం నా ముందు పెట్టింది. అతుకు ఊడదీసి, మడతపెట్టి, సంచిలో తెచ్చింది. అంటే ఆమె ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అనుకుని వచ్చింది.

"వీళ్ళ నోళ్ళున్నాయి. ఆయన నియమాలున్నాయి. తప్పు పట్టడానికి మీకన్నా ఎవరున్నారు వదినా?"

"అదీ మాట," అన్నాడు ఈల. "కొట్టండి టీచరమ్మా ఎర్రగీతలు. సొరీక నుంచి మొదలెట్టండి."

స తీసేశాను. ఒరీక మిగిలింది. "కొండపెద్ద తాళం వేస్తున్నట్టు లేదు, తేన్పినట్టుంది," అంది పిన్ని. ముందు గ చేర్చాం. గొరీక. ఈల దాన్ని మూడుసార్లు అన్నాడు. ఎక్కడా గాలి తప్పించుకోలేదు. మరదలు కొత్త చీటీ రాసింది. పాత డబ్బాలో తాళానికి ఏముందో ఎవరికీ తెలియదు. గొరీక కావచ్చు. కాకపోవచ్చు.

ఆ వారం నుంచి బడి అయ్యాక రోజూ గంటన్నర కూర్చున్నాం. నేను కత్తిరించడం నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళు తప్పు మీద గీత కొట్టడమే తెలిసినదాన్ని, తప్పులో సగాన్ని ఉంచి మిగతా సగాన్ని తీయడం కొత్తగా ఉంది. మొదట్లో ఎక్కువ కోసేసేదాన్ని. "టీచరమ్మా, ఒక్క అక్షరం మిగిల్చావు, దీన్ని నమలాలా మింగాలా?" అనేవాడు బాబాయి.

పెద్ద గొడవ గాలి దగ్గర వచ్చింది.

"గాలిని ముట్టుకోలేం. పెదవులు చుట్టాలి," అన్నాడు ఈల.

"ఎందుకు ముట్టుకోలేం? నా ముఖానికి తగులుతోందిగా!" అంది పిన్ని.

"అది నిన్ను ముట్టుకుంటోంది పిన్నీ, నువ్వు దాన్ని కాదు."

"రోజూ సైకిలు మీద దానికి ఎదురుపోయేవాడివి నువ్వే అలా అంటే ఎలా? ఎదురుగాలి నీకు తగలదా?"

"తగులుతుంది. అయితే పట్టుకుని చూపించు."

బాబాయి మధ్యలో దూరి, ఇస్త్రీ ఆవిరి మాటేమిటి, అది చెయ్యి కాలుస్తుంది కదా అన్నాడు. గంటసేపు ఆవిరి మీదే నడిచింది. చివరికి అందరూ నా వైపు తిరిగారు. నేను కిటికీ తెరిచాను. కాగితాలన్నీ లేచి గదిలో ఎగిరాయి, మా మరదలు వాటి వెనక పరుగెత్తింది. "కాగితాలకి తగిలింది, మనకీ తగిలింది," అన్నాను. "నోరు తెరిచే ముగిద్దాం." మా తమ్ముడు ఇంకోలా అనేవాడేమో. అయినా చీటీ రాయించాను. ఆ సాయంత్రం నేను నవ్వానని మరదలు తర్వాత చెప్పింది. నాకు గుర్తులేదు.

చివరి రంగంలో పిన్ని, కొండ అవతలికి వెళ్ళి దారితప్పిన చెల్లెలిని పిలవాలి. పేరు కాదు, కొండవాళ్ళు దూరంగా ఉన్నవాళ్ళని పిలిచే ఒక మాట. పిన్ని కళ్ళు మూసుకుని, తన దవడని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కసారిగా అంది: "దూమేలొ!"

కిటికీ అద్దం కదిలినట్టనిపించింది. బావుంది. కాని అందులో రెండు దీర్ఘాలున్నాయి.

"ఒకటి తీసెయ్యాలి," అన్నాను. "దుమేలొ."

పిన్ని దుమేలొ అంది. పక్కింటివాళ్ళని చక్కెర అడిగినట్టుంది. దూమెలొ అంది. అదీ అంతే.

"నాలుగో నియమం," అన్నాను. "రెండు దీర్ఘాలు వద్దన్నాడు."

"అన్నాడమ్మా. కాని అతను ఈ రంగం దాకా రాలేదుగా," అంది పిన్ని. ఆమె గొంతులో వాదన లేదు. "కొండ అవతలికి వినపడాలంటే ఊపిరి రెండుచోట్ల సాగాలి. నేను పిలుస్తున్నాను, నాకు తెలుస్తోంది. చివర పెదవులు చుట్టానా లేదా? అందని మనిషి కదా, అందుకని చుట్టాను. మూడో నియమం తప్పలేదు."

ఎవరూ జోకు వెయ్యలేదు. ఈల కూడా.

నేను కాగితం తీసుకున్నాను. నాలుగో నియమం కింద రెండు వేళ్ళ జాగా ఉంది. పెన్ను తీశాను. ఎర్రది కాదు, నీలం. వాడి చేతిరాత కింద నా చేతిరాతతో రాశాను: "అయిదు: దూరంగా ఉన్నవాళ్ళని పిలిచే మాటకి రెండు దీర్ఘాలు ఉండవచ్చు."

రాసి మరదలికిచ్చాను. ఆమె చదివి, తల ఊపి, చీటీ మీద దూమేలొ అని ఎక్కించింది.

"ఇంకోసారి పిలువు పిన్నీ," అన్నాడు బాబాయి. పిన్ని పిలిచింది. కిందనుంచి లాండ్రీ కుర్రదాని గొంతు, "వస్తున్నా, వస్తున్నా, ఒక్క చొక్కా ఉంది!" అని వినపడింది. పిన్ని సెట్టు జారిపోయేంత నవ్వింది.

నాటకానికి ఇంకా పదకొండు రోజులుంది. ఇప్పటికి మూడు రంగాలకి సరిపడా మాటలయ్యాయి, నోటు పుస్తకంలోకి ఎప్పటివి అప్పుడే ఎక్కిస్తున్నాను. చివరి రంగంలో పిలుపు ఒక్కటే అయింది. ఆ పిలుపుకి చెల్లెలు కొండ అవతలినుంచి ఏమని జవాబివ్వాలో ఇంకా చెయ్యలేదు.